జీరో నిలవని రైఫిల్ స్కోప్‌కు బదులు ఏది కొనాలి?

రైఫిల్ మీది చవక స్కోప్ (గురి చూసే దుర్భిణి) ఏడాదిలోనే రెండుసార్లు జీరో, అంటే గురిపెట్టిన చోటే గుండు తగిలే అమరిక, తప్పిందని, ఈసారి గట్టిది, మంచి వారంటీ ఉన్నది కావాలని అడిగారు కదండీ. కొనేముందు ఒకసారి మౌంట్, అంటే స్కోప్‌ను రైఫిల్‌కి పట్టి ఉంచే రింగుల స్క్రూలు చూడండి. చాలాసార్లు తప్పు మౌంట్‌ది, తిట్లు స్కోప్‌కి! నేనూ అలా తిట్టినవాడినే.

అవి బిగువుగానే ఉంటే వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ 2, 3-9×40 (3 నుంచి 9 రెట్ల జూమ్, ముందు అద్దం 40 మి.మీ.) చూడండి. లోపల నైట్రోజన్ నింపి ఉంటుంది కాబట్టి అద్దం లోపలివైపు ఆవిరి పట్టదు. అసలు సంగతి వారంటీ: జీవితకాలం, బిల్లు అక్కర్లేదు, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా వర్తిస్తుంది. పోగొట్టుకున్నా, కావాలని పగలగొట్టినా, పైపైన గీతలు పడినా మాత్రం వర్తించదు.

24 రెట్ల జూమ్ జోలికి పోకండి, ఆ బడ్జెట్‌లో అద్దం నాసిగా ఉంటుంది. మీది స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ (స్ప్రింగ్‌తో గాలిని నొక్కి గుండు వదిలేది) అయితే మాత్రం ఆగండి. దాని కుదుపు ముందుకీ వెనక్కీ ఉంటుంది, అందుకు తగినదని తయారీదారు చెప్పిన స్కోపే తీసుకోవాలి.