ఇల్లూ వాకిలీ – మీ ప్రశ్నలు: సింకులో తుప్పు, వాసన, గార

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లె. వేసవిలో కాలువలు కట్టేశాక ఉప్పు బోరు నీళ్లే దిక్కు. రెండేళ్ల కిందట పెట్టించిన స్టీలు సింకులో జాలీ చుట్టూ గోధుమరంగు చుక్కలు లేచాయి. బాత్రూమ్ యాసిడ్‌తో కడిగితే తెల్ల గార పోతోంది గానీ చుక్కలు పెరుగుతున్నాయి. నాసిరకం అంటగట్టారా?

జవాబు: కావచ్చు. ముందు ఆ యాసిడ్ మానండి. స్టీలును తుప్పు పట్టకుండా కాపాడేది దానిమీద కంటికి ఆనని క్రోమియం ఆక్సైడు పొర. బాత్రూమ్ యాసిడ్‌లో సాధారణంగా ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అందులోని క్లోరైడు ఆ పొరను చుక్కచుక్కగా తొలిచేస్తుంది. మీ బోరు ఉప్పులో ఉన్నదీ క్లోరైడే. నీళ్లు నిలిచి ఆరే చోట ఉప్పు చిక్కబడుతుంది కనుక మచ్చలు జాలీ చుట్టూ మొదలవుతాయి. బ్లీచింగ్ పౌడరుతోనూ ఇదే తంటా. పైగా యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ గ్యాసు పుట్టి ప్రాణం మీదికొస్తుంది.

గారకు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చాలు. లీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు పెద్ద చెంచాలు కలిపి, పాత గుడ్డ ముంచి గార మీద పరవండి. పావుగంటయ్యాక మెత్తటి పీచుతో, స్టీలు గీతలు ఎటుంటే అటే రుద్ది కడిగేయండి. గట్టు పాలరాయిదైతే దానిమీద పడనివ్వకండి, మెరుపు చస్తుంది.

చుక్కలను వంటసోడా ముద్దతో రుద్ది గోరుతో తడమండి. నున్నగా ఉంటే అది పైపై మచ్చే: ఇనుప పీచు తునకలో, తడి పెనమో వదిలిన తుప్పు. గోరు గుంటలో పడిందా, స్టీలును తినేసినట్టే. ఆ గుంట ఇక పూడదు, పెరగకుండా చూసుకోవడమే. రాత్రి అంట్లు అయ్యాక చెంబెడు మంచినీళ్లు పోసి, పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. ఏ పౌడరూ దీనికి సాటిరాదు.

కొత్తది కొంటే 304 రకం అడిగి, బిల్లులో రాయించండి. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. చవకగా దొరికే 202లో నికెల్ తక్కువ, ఉప్పుకు అంతగా ఆగదు. అయస్కాంతం పట్టకపోతే మంచి స్టీలన్న మాట నమ్మకండి. ఈ రెండింటికీ పెద్దగా పట్టదు.

ప్రశ్న: చేపలు కడిగిన రోజు సింకులో నీళ్లు దిగవు. వంటసోడా, వెనిగర్ పోశాం, మరిగే నీళ్లూ పోశాం. వాసన మాత్రం రోజూ ఉంటోంది. – అమలాపురం

జవాబు: సోడా, వెనిగర్ కలిస్తే నురగే మిగులుతుంది, ఒకదాని బలం ఒకటి తీసేస్తుంది. మరిగే నీళ్లకు పీవీసీ పైపు మెత్తబడి జాయింట్లు వదులవుతాయి.

సింకు కింద బాటిల్ ట్రాప్ (కాలువ కంపు పైకి రాకుండా కాసిని నీళ్లు నిలిపే సీసాలాంటి డబ్బా) ఉంటే బకెట్ పెట్టి, అడుగు కప్పును చేత్తోనే ఎడమవైపు తిప్పి ఊడదీయండి. పొలుసులూ రొయ్య పొట్టూ పులుసు జిడ్డులో ఉండకట్టి ఉంటాయి. కడిగి, రబ్బరు వాషరు అణిగిపోయుంటే మార్చి, మళ్లీ చేతి బిగువుతోనే బిగించండి. పానా వేస్తే మర చిట్లుతుంది. నీళ్లు వదిలి, జాయింటు చుట్టూ పొడి కాగితం అద్దితే చెమ్మ తెలిసిపోతుంది. అసలు పొలుసు తీసే పని పెరట్లోనే కానిస్తే ఈ గొడవ సగం ఉండదు.

ట్రాప్ లేకుండా ముడతల పైపును తిన్నగా గోడ బెజ్జంలోకి దూర్చేసిన ఇళ్లు చాలా. కాలువ కంపు, బొద్దింకలు అటు నుంచే వస్తాయి. పైపును కిందికి వంచి, వంపులో రెండంగుళాల నీళ్లు నిలిచేలా కట్టండి. పైపు చుట్టూ ఉన్న సందు రబ్బరు బిరడాతో మూయండి. కొన్ని వారాలు ఊరెళ్లి వస్తే ఆ నీళ్లు ఆరిపోయి వాసన వస్తుంది, మగ్గుడు నీళ్లు పోస్తే సరి.

ప్రశ్న: పింగాణీ వాష్ బేసిన్‌లో కుళాయి కింద పసుపుపచ్చటి చార పోవడం లేదు.

జవాబు: బోరు నీళ్లలోని ఇనుము అది. పైన చెప్పిన నిమ్మ ఉప్పు గుడ్డను అరగంట ఉంచండి. గరుకు పొడులు వాడితే పింగాణీ నునుపు పోయి మచ్చ ఇంకా పట్టేస్తుంది. చుక్కచుక్క కారే కుళాయికి ముందు వాషరు మార్పించండి.