మందుల సంచి తెమ్మను

చిరంజీవి బుజ్జికి,

అత్తయ్య ఆశీస్సులు. గుంటూరులో క్లినిక్ తెరుస్తున్నావనీ, బోర్డు మీద ‘ప్రివెంటివ్ అండ్ ఇంటిగ్రేటివ్ న్యూరాలజీ’ అని, అంటే జబ్బు రాకముందే చూసే, యోగా ఆయుర్వేదాలనూ కలుపుకునే నరాల వైద్యమని, రాయించావనీ మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషంగా ఉందమ్మా. పక్షవాతం వచ్చి పడిపోయినవాళ్లను చూడడంతోనే నా సర్వీసంతా గడిచింది. రాకముందే చూస్తానని మన ఇంటి పిల్ల బయల్దేరింది. అందుకే నాలుగు మాటలు రాస్తున్నాను.

వచ్చిన ప్రతివాళ్లనీ ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని రమ్మను. ‘ఏమైనా మందులు వాడుతున్నారా’ అంటే ‘లేదమ్మా’ అంటారు. అది అబద్ధం కాదు. వాళ్ల లెక్కలో చూర్ణం మందు కాదు, పసరు మందు కాదు, మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో ఇచ్చిన బిళ్ల కూడా మందు కాదు.

ఒకసారి ఒక రైతు కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయి వచ్చాడు. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తం తక్కువ. స్కానింగులు చేయించాను, నరాల పరీక్షలు చేయించాను. పది రోజుల తర్వాత ఆయన భార్య కొంగు ముడి విప్పి ఒక పొట్లం చూపించింది. షుగర్‌కని వాడుతున్న భస్మం. రక్తపరీక్షలో సీసం బయటపడింది. మొదటిరోజే అడగాల్సింది, నేను అడగలేదు. ఆ పది రోజులూ ఆయన ఆ భస్మం వేసుకుంటూనే ఉన్నాడు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందులు కొని పరీక్షిస్తే సుమారు ఐదింట ఒకదానిలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో ఉందని 2008లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చింది. ఆ పేపరు చదివే ఉంటావు. సంచి విప్పేటప్పుడు గుర్తుంచుకో.

అలాగని ఆయుర్వేదాన్ని తీసిపారేయకు. దూలగొండి గింజల్లో లెవోడోపా ఉందని మన దేశంలోనే 1937లో తేల్చారు. వణుకుడు జబ్బు పార్కిన్సన్స్‌కి మనం ఇచ్చే ముఖ్యమైన మందు అదే కదా. రోగి మన బిళ్లతో పాటు ఆ పొడి కూడా వేసుకుంటే, మనకు తెలియకుండానే డోసు పెరుగుతుంది. మెడా చేతులూ వాటంతటవే మెలికలు తిరుగుతుంటే జబ్బు ముదిరిందని పొరబడతాం. పొడి కనిపించినా తిట్టకు. తిడితే రెండోసారి ఆ సంచి తేరు.

ఇక బీపీ. నీ పని సగం ఇదే అనుకో. ‘బీపీ నార్మల్‌కి వచ్చింది, మానేశానమ్మా’ అని వారానికి పదిమందైనా అంటారు. బిళ్ల వేసుకోబట్టే నార్మల్‌కి వచ్చిందని ప్రతిసారీ కొత్తగా, ఓపిగ్గా చెప్పు. ఉప్పు తగ్గించమని ఊరికే అంటే తల ఊపి వెళ్లిపోతారు. ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, ఊరమిరపకాయలు, మజ్జిగలో ఉప్పు, ఒక్కొక్కటీ పేరుపెట్టి అడుగు. వంట చేసేవాళ్లు కూడా గదిలో ఉండాలి. లేకపోతే నీ మాట వీధి గుమ్మం దాటి లోపలికి పోదు. నువ్వే బీపీ చూడు, ఐదు నిమిషాలు కూర్చోబెట్టాకే చూడు.

మతిమరుపు జబ్బు రాకుండా చేస్తానని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకు. పద్నాలుగు కారణాలను సరిచేయగలిగితే డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు, కేసుల్లో సుమారు 45 శాతం ఆపడమో, ఆలస్యం చేయడమో వీలవుతుందని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పింది. అది జనాభా మొత్తం మీద కట్టిన లెక్క. నీ ఎదురుగా కూర్చున్న మనిషికి అది హామీ కాదు. స్ప్రింట్ మైండ్ అధ్యయనంలో పై బీపీని 120 లోపు ఉంచినప్పుడు తేలికపాటి జ్ఞాపకశక్తి లోపం తగ్గింది, డిమెన్షియా తగ్గిందని మాత్రం గట్టిగా తేలలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, జనానికి అర్థమవుతుంది. ఆ పద్నాలుగింట్లో చెవుడు కూడా ఉంది. మన డాక్టర్లం అడగడం మరిచిపోయేది అదే.

మెదడుకు బలమంటూ డబ్బాలు పట్టుకుని మందుల కంపెనీల రెప్‌లు వస్తారు. జింకో అనే చెట్టు ఆకు సారాన్ని మూడు వేల మందికి పైగా పెద్దవాళ్లకు ఏళ్ల తరబడి ఇచ్చి చూస్తే డిమెన్షియా ఏమీ తగ్గలేదని 2008లోనే తేలింది. నువ్వు రాసింది నీ కౌంటర్‌లోనే అమ్మే పని ఎప్పుడూ పెట్టుకోకు. బీ12 విటమిన్ సంగతి వేరు. శాకాహారులకీ, షుగర్ బిళ్ల మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడేవాళ్లకీ పరీక్ష చేయించు, లోపం ఉంటే ఇవ్వు.

యోగా గురించి అడుగుతారు. ధైర్యంగా చెప్పు. ఢిల్లీ ఎయిమ్స్‌లో మైగ్రేన్ రోగులకు మందులతో పాటు యోగా చేయిస్తే, మందులు మాత్రమే వాడినవాళ్లకంటే తలనొప్పులు బాగా తగ్గాయని 2020లో వచ్చింది. మందులతో పాటు అన్న మాట మాత్రం రెండుసార్లు చెప్పు.

ఒక్కో కొత్త మనిషికి ముప్పావు గంట కేటాయించు. మొదట్లో రాబడి తక్కువుంటుంది, టెన్షన్ పడకు, అద్దె సంగతి మీ నాన్నా నేనూ చూసుకుంటాం. వడ్రంగి వచ్చినప్పుడు నీ ముందు బల్ల పెద్దది చేయించు, సంచి మొత్తం దాని మీద బోర్లించడానికి చోటుండాలి.

మీ అత్తయ్య