మూత కాస్త తెరిస్తేనే చిక్కదనం

ప్రశ్న: స్లో కుక్కర్‌లో (తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్) యాపిల్ జామ్ ఎనిమిది గంటలు ఉడికించినా నీళ్లగానే ఉంటోంది. ఎందుకండీ?

జవాబు: ఉడకడం వేరు, చిక్కబడటం వేరండీ. మూత ఆవిరిని బయటికి పోనివ్వదు, అది మళ్లీ నీరై గిన్నెలోకే జారుతుంది. ముక్కలు మెత్తబడ్డాక మెదిపి, మూత కింద చెక్క గరిటె అడ్డంపెట్టి ‘హై’లో రెండు మూడు గంటలు ఉంచండి. మధ్యమధ్య కలుపుతూ ఉండాలి, అంచులు త్వరగా మాడతాయి. జామ్ బాగా గడ్డకట్టాలంటే దాదాపు 104 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి, స్లో కుక్కర్‌లో సాధారణంగా అంత రాదు. అందుకే నేను యాపిల్ బటర్‌లా, అంటే వెన్న కలపకుండానే వెన్నలా పూసుకునే చిక్కటి గుజ్జుగానే చేస్తాను. నిజానికి నాకు అదే ఎక్కువ ఇష్టం. చల్లటి పళ్లెంలో చెంచాడు వేసినప్పుడు చుట్టూ నీరు ఊరకపోతే అయినట్టే. నిమ్మరసం చివర్లో కలపండి. ఫ్రిజ్‌లోనే పెట్టి, రెండు వారాల్లో వాడేయండి.