ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ తర్వాత గుంటూరు, విజయవాడల్లో ఏం పనులున్నాయి?

ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అయిపోవస్తోంది, ఊరు వదలకుండా ఉద్యోగం దొరుకుతుందా, లేక ఇంట్లోవాళ్లు అంటున్నట్టు బీఈడీలో చేరిపోవాలా అని అడిగారు. అమ్మాయిలను ఫీల్డ్‌కి పంపుతారా అని కూడా అడిగారు. దొరుకుతుంది, పంపుతారు. నేను నాగార్జున యూనివర్సిటీలో ఇదే కోర్సు చదివి, బెజవాడలో ఒక ల్యాబ్‌లో చేరాను. ఇప్పుడు ఈఐఏ రిపోర్టులు, అంటే పరిశ్రమో గనో వస్తే పర్యావరణం మీద ఏం ప్రభావం పడుతుందో అంచనా వేసే రిపోర్టులు తయారుచేసే కన్సల్టెన్సీలో ఉన్నాను. నాకు తెలిసిన దారులు చెప్తాను.

ముందు గవర్నమెంటు ఉద్యోగాల సంగతి, ఎందుకంటే ఇంట్లో మొదట అడిగేది అదే. కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) హెడ్డాఫీసు విజయవాడలోనే ఉంది కాబట్టి అదంతా మన సబ్జెక్టు వాళ్లకే అనుకుంటాం. కానీ ఫ్యాక్టరీల తనిఖీకి వెళ్లే అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్ పోస్టుకు ఇంజినీరింగ్ డిగ్రీ అడుగుతారు, మన ఎమ్మెస్సీ చెల్లదు. మనం చూసుకోవాల్సింది ల్యాబ్ వైపు వచ్చే అనలిస్ట్ పోస్టులు. ఏపీపీఎస్సీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు అర్హతల పేరా మాత్రం అక్షరం అక్షరం చదవండి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు కూడా అంతే. యూపీఎస్సీ ఇచ్చే సబ్జెక్టుల జాబితాలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పేరు ఉండదు. డిగ్రీలో కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ లాంటిదేదైనా చదివి ఉంటేనే అర్హత. లెక్చరర్ కావాలంటే యూజీసీ నెట్‌లో మన సబ్జెక్టు కోడ్ 89. బీఈడీ మెథడాలజీ కూడా మీ డిగ్రీ సబ్జెక్టులను బట్టే వస్తుంది, ఎమ్మెస్సీని బట్టి కాదు. వీటన్నిటికీ చదవండి. కానీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చోకండి.

నా మాట వింటే మొదటి రెండేళ్లు ల్యాబ్‌లో పని చేయండి. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ఎన్విరాన్‌మెంటల్ ల్యాబ్ అయితే మంచిది. జీతం తక్కువే. నేను చేరినప్పుడు ప్రైవేటు స్కూల్ టీచరుకు వచ్చేదానికి కాస్త అటూ ఇటూగా ఉండేది. అయినా అక్కడ నేర్చుకున్నది క్లాసులో ఎవరూ చెప్పలేదు. ఇబ్రహీంపట్నం, కొండపల్లి, జగ్గయ్యపేట, దాచేపల్లి అంటే థర్మల్, ఫార్మా, సిమెంటు, సున్నం బట్టీలు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో పంచాయతీ ఆఫీసు మేడ మీదో స్కూలు మేడ మీదో గాలి శాంపిలర్ పెట్టి 24 గంటలు నడపాలి. అంతకుముందే ఫిల్టర్ పేపర్‌ను డెసికేటర్‌లో, అంటే తేమను పీల్చేసే మూత గాజుపాత్రలో ఉంచి, తేమ పోయాక తూకం వేసి పెట్టుకుంటాం. తిరిగొచ్చాక మళ్లీ తూకం. ఆ రెండు తూకాల తేడాను లోపలికి లాగిన గాలి పరిమాణంతో భాగిస్తే పీఎం10, అంటే గాలిలోని 10 మైక్రాన్లు, అంతకంటే చిన్న ధూళి కణాల మోతాదు వస్తుంది. 24 గంటల సగటు క్యూబిక్ మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదని 2009 ప్రమాణాలు.

లెక్క ఇంతే. కానీ రాత్రి రెండు గంటలు కరెంటు పోయిందనుకోండి. మెషీన్ ఆగిన ఆ సమయాన్ని టైమర్ చూసి తీసేయాలి. తీయకుండా పూర్తి 24 గంటలకు లెక్క కడితే, లాగని గాలిని కూడా లాగినట్టే అవుతుంది. ఆ ఊరి గాలి ఉన్నదానికంటే శుభ్రంగా కనిపిస్తుంది. ఫిల్టర్‌కు దుమ్ము పట్టేకొద్దీ గాలి లాగడం తగ్గుతుంది, కాబట్టి మొదటి ఫ్లో (గాలి లాగే వేగం), చివరి ఫ్లో రెండూ రాసుకోవాలి. ఆ ఊళ్లో పిల్లలు ఎలాంటి గాలి పీలుస్తున్నారో పై ఆఫీసులకు తెలిసేది మనం రాసే ఈ అంకెతోనే. అందుకే శాంపిల్ తీయకుండా అంకెలు వేసేయమనే చోట ఒక్క నెల కూడా ఉండొద్దు.

నీళ్ల పని నాకు ఇంకా ఇష్టం. కాలువ నీళ్లు బుడగ లేకుండా సీసాలో పట్టి, గట్టు మీదే రెండు రీఏజెంట్లు (పరీక్ష రసాయనాలు) కలుపుతాం. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. మురుగు కలిసే చోట పట్టిన సీసా తెల్లగా ఉండిపోవడం చూశాక ఆ కాలువను మామూలుగా చూడలేకపోయాను.

ఈ అనుభవం ఉంటే తర్వాత దారులు తెరుచుకుంటాయి. ఒకటి నేనున్న ఈఐఏ వైపు. 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద పరిశ్రమలకు, గనులకు పర్యావరణ అనుమతి కావాలి. వానాకాలం వదిలేసి ఒక సీజన్ డేటా తీసి రిపోర్టు రాస్తాం. అందులో గాలి, నీరు, జీవావరణం అంటూ ఒక్కో విభాగానికి నాబెట్ (ఈఐఏ కన్సల్టెంట్లకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తించిన నిపుణులు ఉండాలి; మన డిగ్రీతో ఆ గుర్తింపు తెచ్చుకోవచ్చు. ఇక్కడ తెలుగు బాగా రాయగలగడం ఎంత పనికొస్తుందో కాలేజీలో ఊహించలేం. ప్రజాభిప్రాయ సేకరణకు ముందు రిపోర్టు సారాంశం తెలుగులో ఇవ్వాలి. చాలా సారాంశాలు చదివితే ఒక్క ముక్క బుర్రకెక్కదు. ఒక గని సభలో ఓ పెద్దాయన లేచి, "మా బోరు ఎండితే నీళ్లెవరు పోస్తారు? అది ఏ పేజీలో రాశారు?" అని అడిగారు. అప్పటినుంచి సారాంశంలో భూగర్భజలాల భాగం నేనే రాస్తున్నాను, ఆయనకు అర్థమయ్యేలా.

రెండోది ఫ్యాక్టరీల్లో ఈహెచ్ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత) ఉద్యోగం. మురుగు శుద్ధి ప్లాంటు, ప్రమాదకర వ్యర్థాల రికార్డులు, పీసీబీ అనుమతుల రెన్యువల్ అన్నీ మీ మీదే ఉంటాయి. జీతం ల్యాబ్ కంటే మెరుగు. ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా ఉంటే త్వరగా ఎదుగుతారు. షిఫ్టులు ఉంటాయా, రాత్రి బస్సు ఉందా అన్నది ఇంటర్వ్యూలోనే అడిగేయండి.

వ్యవసాయం మీద మనసుంటే ప్రకృతి వ్యవసాయం నడిపించే రైతు సాధికార సంస్థ గుంటూరులోనే ఉంది. పెద్ద ఆసుపత్రుల్లో బయోమెడికల్ వ్యర్థాల పని ఉంటుంది. ఈఎస్‌జీ రిపోర్టింగ్ (కంపెనీలు పర్యావరణం, సమాజం, పాలన విషయాల్లో ఏం చేస్తున్నాయో చెప్పే నివేదికలు) గురించి అందరూ చెప్తారు, నిజమే; స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకు తప్పనిసరి చేసింది. కానీ ఆ ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్‌లోనే.

ప్రస్తుతానికి మీ చేతిలో ఉన్నది ప్రాజెక్టు. "పర్యావరణంపై విద్యార్థుల అవగాహన" లాంటి సర్వే పెట్టుకోకండి. మిర్చి యార్డు దగ్గర దుమ్మో, పల్నాడు బోర్లలో ఫ్లోరైడో, ఏదో ఒకటి మీ చేతులతో కొలవండి. ఆ పాయింట్లను క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో మ్యాప్ చేయండి, అది ఉచితమే. రెజ్యూమెలో ఏ పారామీటరు ఏ పద్ధతిలో చేశారో రాయండి; భారతీయ ప్రమాణాల్లో (ఐఎస్) నీటి పరీక్షలకు ఐఎస్ 3025, గాలికి ఐఎస్ 5182. మా దగ్గరికి వచ్చే రెజ్యూమెల్లో మేం ముందు చూసేది ఆ లైనే. మీ గైడు ఏ టాపిక్ ఇచ్చారో కింద రాస్తే, ఇక్కడ ఏ ల్యాబ్ పనికి దగ్గరగా ఉంటుందో చెప్తాను.