డాలస్‌లో ఐపీ పెట్టాలంటే లాయర్‌ను ఎలా పట్టుకోవాలి?

మా దేవరకొండలో ఎవరైనా ‘ఐపీ పెట్టాడు’ అన్నారంటే రాత్రికి రాత్రి ఇంటికి తాళం వేసి పోయాడనే అర్థం. అందుకే డాలస్‌లో నా చిన్న షాపు మునిగి, ఒక కార్డు అప్పు తీర్చడానికి ఇంకో కార్డు గీకుతూ, ఇంక కట్టలేనని తెలిశాక కూడా బ్యాంక్‌రప్సీ మాట ఇంట్లో ఎత్తడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. మొన్న పాలమూరు తమ్ముడొకడు ఫోన్ చేసి ‘అన్నా, మనోళ్లలో మంచి లాయర్ ఉంటే చెప్పు’ అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ ‘మనోళ్లు’ అన్నది పక్కన పెట్టు తమ్మీ. చట్టం దేశమంతా ఒక్కటే కానీ, నీ ఆస్తిలో నీకేం మిగులుతుందన్నది చాలావరకు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, కేసు కూడా గడిచిన 180 రోజుల్లో నువ్వు ఎక్కువ రోజులు ఎక్కడున్నావో అక్కడి కోర్టులోనే వేయాలి. న్యూజెర్సీలో ఉన్న బావమరిది ఫ్రెండ్ దీనికి పనికిరాడు. నీ వీసా చూసిన లాయరూ పనికిరాడు, వీసా గురించి భయముంటే ఆయన్ను విడిగా అడుగు. టెక్సస్‌కు వచ్చి రెండేళ్లు కాకపోతే అది మొదటి రోజే చెప్పు, మినహాయింపుల లెక్క, అంటే అప్పులవాళ్లు ముట్టుకోకుండా నీకు మిగిలే ఆస్తి లెక్క, మారిపోతుంది.

పేరు దొరికాక స్టేట్ బార్ (రాష్ట్ర లాయర్ల సంఘం) వెబ్‌సైట్‌లో లైసెన్స్ ఉందా, ఏమైనా క్రమశిక్షణ చర్యలు ఉన్నాయా చూడు. టెక్సస్‌లో అయితే కన్స్యూమర్ బ్యాంక్‌రప్సీలో, అంటే మామూలు మనుషుల దివాలా కేసుల్లో, బోర్డ్ సర్టిఫికేషన్ (నిపుణుడని ఇచ్చే గుర్తింపు) ఉన్నవాళ్లు వేరే ఉంటారు. మొదటి మీటింగ్ చాలామంది ఫ్రీగానే ఇస్తారు కాబట్టి ఇద్దరు ముగ్గురితో మాట్లాడు. 341 మీటింగ్‌లో, అంటే కేసు చూసే ట్రస్టీ ప్రమాణం చేయించి నీ ఆస్తి, అప్పుల గురించి ప్రశ్నలడిగే మీటింగ్‌లో, నా తరఫున మీరే ఉంటారా, ఇంకెవరినైనా పంపిస్తారా అని అడగడానికి మొహమాటపడకు. ఫీజు కాగితం మీద రాయించుకో. కోర్టు ఫీజు వేరే, చాప్టర్ 7కి (మినహాయింపు లేని ఆస్తి అమ్మి, మిగతా అప్పులు కొట్టేసే దారి) 338 డాలర్లు, 13కి (ఆస్తి ఉంచుకుని నెలనెలా కట్టే దారి) 313. చాప్టర్ 7లో లాయర్ డబ్బు ముందే అడిగితే మోసం అనుకోకు, బాకీ పెడితే ఆయన ఫీజు కూడా నీ అప్పులతో పాటే కొట్టుకుపోతుంది మరి. ‘ఫారాలు నింపిపెడతాం’ అనే చౌక మనుషులు మాత్రం వద్దు, సలహా చెప్పే హక్కు వాళ్లకు లేదు.

అసలు మనవాళ్లు బోల్తా పడేది ఊళ్లో భూమి దగ్గర. నాన్నకు ఫోన్ చేస్తే ‘అక్కడి కోర్టుకు మన చెలక సంగతి ఏం తెలుస్తదిరా, చెప్పకు’ అన్నాడు. ఒకాయన లాయర్ కూడా చూసీచూడనట్టు పోయాడు, అక్కడే ఆయన్ను వదిలేశా. రెండో ఆవిడ మొదటి ప్రశ్నే ఇండియాలో ఏముందని. పాస్ పుస్తకం ఫొటో వాట్సాప్‌లో చూపించాను. అందులో 2.12 అని ఉంటే ఆవిడ కాలిక్యులేటర్ తీసింది. అది చుక్క కాదమ్మా, రెండెకరాల పన్నెండు గుంటలు, నలభై గుంటలైతే ఎకరం అని చెప్పేసరికి నవ్వి, కొట్టేసి 2.30 అని రాసుకుంది.

ఆ భూమి విలువ చూశాకే నాది 7 కాదు, 13 అని తేల్చింది. భూమి పోదు, కానీ దాని విలువకు తగ్గకుండా ఐదేళ్లలో నెలనెలా అప్పులవాళ్లకు కట్టాలి. దాచి ఉంటే అది ఫెడరల్ నేరం, జైలు దాకా పోతుంది. ఇప్పుడు హడావుడిగా తమ్ముడి పేరు మీదికి మార్చినా ట్రస్టీ వెనక్కి లాగగలడు. బావ దగ్గర తెచ్చిన చేతి అప్పును కేసుకు ముందు ఏడాదిలో తీర్చేసినా అంతే, ఆ డబ్బు బావ దగ్గర వసూలు చేయొచ్చు. నేను అదే చేయబోయి ఆగాను.

కాబట్టి మొదటి మీటింగ్‌కు పాస్ పుస్తకం, ఇంటికి పంపిన డబ్బుల లెక్క, చిట్టీ ఉంటే దాని వివరాలు పట్టుకుని పో. ఆవిడ నంబర్ కావాలన్నాడు తమ్ముడు. వాడుండేది అట్లాంటాలో.