కంటి ఇంజెక్షన్ తర్వాత వచ్చే ఫోను

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

చిత్తూరులో నువ్వే సొంతంగా కంటిలోకి ఇంజెక్షన్లు చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది, సంతోషం. సూది వేయడం నీకు చేతనైన పనే. నేను రాసేది ఆ తర్వాతి వారం గురించి.

మర్నాడు తెల్లగుడ్డు మీద రక్తపు మచ్చ చూసి హడలిపోయి వచ్చేవాళ్లే ఎక్కువ. నొప్పి లేక, చూపు బాగుంటే ధైర్యం చెప్పి పంపు. రెండు వారాల్లో అదే పోతుంది. అయోడిన్ వల్ల మొదటి రోజు కన్ను గరగరలాడటమూ మామూలే.

రెండో రోజుకూ అయిదో రోజుకూ మధ్య వచ్చే ఫోను వేరు. "నిన్నటికన్నా మసకగా ఉందమ్మా, కన్ను సలుపుతోంది, వెలుతురు చూడలేకపోతున్నాను" అన్నారంటే రేపు రమ్మనకు. పలమనేరు నుంచైనా, పుంగనూరు నుంచైనా ఆ పూటే రప్పించు. మందుల షాపులో చుక్కలు కొని వేసుకోవద్దని ఫోనులోనే చెప్పు. వాటిలో స్టిరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్టు కనిపించి, విలువైన సమయం పోతుంది.

రాగానే చూపు కొలిచి రాసుకో. స్లిట్ ల్యాంపులో (కన్ను పెద్దదిగా చూపే సూక్ష్మదర్శినిలో) ఐరిస్, అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం, ముందు అడుగున తెల్లటి చీము సన్నగా, మట్టంగా నిలిచి ఉందేమో చూడు. లేనంత మాత్రాన ఇన్ఫెక్షన్ కాదనుకోకు. కంటి వెనక పొర రెటీనా కనిపించకపోతే బీ-స్కాన్ (కంటి అల్ట్రాసౌండ్) చెయ్యి. మందు పడక వచ్చే వాపులో సాధారణంగా నొప్పి తక్కువ, అది త్వరగానే మొదలవుతుంది. అనుమానం తీరకపోతే మాత్రం ఎండాఫ్తాల్మైటిస్ (కంటి లోపలి ఇన్ఫెక్షన్) అనే భావించి వైద్యం చెయ్యి.

కంటి లోపలి జెల్లీ, అంటే విట్రియస్, నమూనా కల్చర్‌కు (ఏ క్రిమో తేల్చే పరీక్షకు) పంపి, రిపోర్టు కోసం ఆగకుండా యాంటీబయాటిక్‌లు వ్యాంకోమైసిన్ 1 మి.గ్రా., సెఫ్టజిడిమ్ 2.25 మి.గ్రా., ఒక్కొక్కటి 0.1 మి.లీ.లో కంటిలోకి ఇవ్వు. సిరంజీలు వేరుగా ఉండాలి, కలిస్తే మందు విరిగిపోతుంది. వెలుతురు తప్ప ఏమీ తెలియని స్థితికి చూపు పడిపోతే, లేదా ఒకటి రెండు రోజుల్లో కన్ను తేరుకోకపోతే విట్రెక్టమీ (ఆ జెల్లీని తీసేసే ఆపరేషన్) అవసరం పడవచ్చు. ఆ వసతి లేకపోతే తిరుపతికో వేలూరుకో పంపు, కానీ మొదటి మోతాదు వేసిన తర్వాతే పంపు. అక్కడ వేస్తారులే అనుకుంటే బస్సు ప్రయాణం, ఓపీ చీటీ, వరుస, ఇవన్నీ అయ్యేలోపు చూపు పోవచ్చు.

నొప్పి లేకుండా మెరుపులు, పక్కనుంచి పరదా దిగినట్టు నీడ అంటే రెటీనా ఊడిందేమో వెంటనే చూడాలి.

నీ దగ్గరికి వచ్చేది ఎక్కువగా వయసు మళ్లిన షుగరు రోగులు. పిల్లలను ఇబ్బంది పెట్టడమెందుకని నొప్పి ఓర్చుకుంటారు. అందుకే ఈ లక్షణాలన్నీ వెంట వచ్చినవారికి కూడా చెప్పు. ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాసివ్వు. రాత్రి పూట కూడా ఎవరో ఒకరు ఎత్తే నంబరై ఉండాలి.

మీ మామయ్య,
తిరుపతి