రోల్స్‌లో వెండి వేట: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

అమెరికాలో ఉంటున్న మన పాఠకుల నుంచి కొంతకాలంగా ఒకే అంశంపై ఉత్తరాలు వస్తున్నాయి. బ్యాంకు నుంచి నాణేల రోల్స్ (కాగితంలో చుట్టిన నాణేల కట్టలు) తెచ్చుకుని, వాటిలో పాత వెండి నాణేలు వెతికే అభిరుచి గురించి వారు అడుగుతున్నారు. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తాన్నీ ఆ ప్రశ్నలకే కేటాయించాము.

ప్రశ్న: మా ఆఫీసులో ఒకాయన బ్యాంకులో నాణేల రోల్స్ కొని, ఒక్కొక్కటే విప్పి వెండి నాణేలు ఏరుకుంటాడు. ముఖవిలువకే వెండి దొరుకుతుందని ఆయన చెబితే నాకు నమ్మబుద్ధి కాలేదు. తెలిసి తెలిసి బ్యాంకు వెండిని ఎందుకు ఇస్తుంది?

సమాధానం: ఆయన చెప్పింది నిజమే. 1964 వరకు అమెరికా టంకశాలల్లో చలామణి కోసం ముద్రించిన డైములు (10 సెంట్లు), క్వార్టర్లు (25 సెంట్లు), హాఫ్ డాలర్లలో (50 సెంట్లు) 90 శాతం వెండి, 10 శాతం రాగి ఉండేవి. 1963 నాటికి వెండి ధర ఔన్సుకు 1.29 డాలర్లకు చేరింది. ఇంకాస్త పెరిగితే నాణెం మీద అచ్చు వేసిన విలువ కంటే అందులోని లోహం విలువే ఎక్కువయ్యే పరిస్థితి వచ్చింది. జనం నాణేలను దాచుకోవడం మొదలుపెట్టడంతో దుకాణాల్లో చిల్లరకు కటకట ఏర్పడింది. చివరకు 1965 జులై 23న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొత్త నాణేల చట్టంపై సంతకం చేశారు. దాంతో డైములు, క్వార్టర్ల నుంచి వెండిని పూర్తిగా తీసేసి, మధ్యలో రాగి, రెండు వైపులా రాగి, నికెల్ కలిసిన పొరలతో వాటిని తయారుచేయడం మొదలుపెట్టారు. హాఫ్ డాలర్‌లో మాత్రం 40 శాతం వెండిని 1970 వరకు కొనసాగించారు. 1971 నుంచి చలామణికి వచ్చిన హాఫ్ డాలర్లలో అదీ లేదు.

అయితే, ఆ చట్టం పాత నాణేలను రద్దు చేయలేదు. 1964 నాటి క్వార్టర్ ఈ రోజుకీ చట్టబద్ధమైన ఇరవై ఐదు సెంట్లే. బ్యాంకు యంత్రం దాన్ని లెక్కపెడుతుందే తప్ప, దానిలో ఏ లోహం ఉందో చూసి వేరు చేయదు. తాతగారి గాజు సీసాలోని చిల్లరను మనవలు చూడకుండానే తెచ్చి జమ చేసినా, సేకరణ విలువ తెలియని వారసులు దాన్ని బ్యాంకులో పోసేసినా, ఆ నాణేలు మళ్లీ రోల్స్‌లోకి చేరుతాయి. మనం వెతికేది ఇలా తిరిగి వచ్చిన వాటినే. 1960ల చివరి నుంచీ ఎందరో చూసి వదిలిన చిల్లర ఇది. చెరిగిన బియ్యాన్ని మళ్లీ చెరిగినట్టే. కాబట్టి ఇతరుల కళ్లు ఎక్కడ పడలేదో అక్కడ వెతకడమే ఈ అభిరుచిలోని అసలు విద్య అని నా అభిప్రాయం. కింది సమాధానాలన్నీ దాదాపు ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి.

ప్రశ్న: మొదలుపెట్టేవారు ఏ నాణేల రోల్స్ అడగాలి? బాక్సులు కూడా ఇస్తారట, నిజమేనా?

సమాధానం: హాఫ్ డాలర్లతో మొదలుపెట్టండి. ఇందులో నాకు సందేహం లేదు. కెనడీ బొమ్మతో హాఫ్ డాలర్ 1964 మార్చిలో విడుదలైనప్పుడు, కొన్ని నెలల కిందటే హత్యకు గురైన అధ్యక్షుడి జ్ఞాపకంగా ప్రజలు దాన్ని దాచుకున్నారు. అప్పటి నుంచి ఆ నాణెం రోజువారీ చలామణిలో మళ్లీ నిలదొక్కుకోలేకపోయింది. 2002 నుంచి 2020 వరకు టంకశాల దీన్ని సేకర్తల కోసమే ముద్రించింది. దుకాణాల్లో చేతులు మారదు కాబట్టి, దాచినవాళ్లు బ్యాంకులో వేసిన నాణెం ఎక్కువమంది కంటపడకుండానే మన చేతికి వస్తుంది. పైగా 1964 వరకు వచ్చినవి 90 శాతం, 1965 నుంచి 1970 వరకు వచ్చినవి 40 శాతం వెండితో ఉన్నాయి కాబట్టి, పనికొచ్చే సంవత్సరాలు కూడా ఇందులో ఎక్కువ. ఈ రెండో రకాన్ని చాలామంది గుర్తుపట్టరు. 1964 తర్వాత వెండి లేదని ఎక్కడో విని, 1967 నాణేన్ని చేతిలోకి తీసుకుని కూడా వదిలేస్తారు.

హాఫ్ డాలర్ల రోల్‌లో 20 నాణేలు, అంటే 10 డాలర్లు ఉంటాయి. క్వార్టర్ల రోల్‌లో 40 ఉంటాయి, అదీ 10 డాలర్లే. డైముల రోల్‌లో 50 ఉంటాయి, 5 డాలర్లు. నికెల్ (5 సెంట్ల నాణెం) రోల్‌లో 40 ఉంటాయి, 2 డాలర్లు. బాక్సులో 50 రోల్స్ ఉంటాయి కాబట్టి హాఫ్ డాలర్ల బాక్సు 500 డాలర్లు, అందులో వెయ్యి నాణేలు. దాని బరువు పదకొండు కిలోలు దాటుతుంది. నడుము నొప్పి ఉన్నవారు ముందే ఆలోచించుకోవాలి. కొన్ని బ్యాంకులు బాక్సును ముందుగా చెబితేనే తెప్పిస్తాయి, అదీ ఖాతాదారులకు మాత్రమే.

కానీ బాక్సు కంటే ముందు టెల్లర్‌ను (బ్యాంకు కౌంటర్‌లోని ఉద్యోగిని) ఒక మాట అడగండి: “ఎవరైనా ఖాతాదారులు చేత్తో చుట్టి తెచ్చిన రోల్స్ ఉన్నాయా? మీ సొరుగులో విడి హాఫ్ డాలర్లు ఏమైనా ఉన్నాయా?” బాక్సుల్లోని రోల్స్‌ను యంత్రాలు చుడతాయి, ఎన్నో చోట్ల నుంచి వచ్చిన నాణేలు వాటిలో కలిసిపోయి ఉంటాయి. ఒక ఇంటి నుంచి నేరుగా వచ్చిన, కాగితం ముడతలు పడి, చివర్లు వంకరగా మడిచిన రోల్‌లో ఆ ఇంటి పాత సీసా మొత్తం ఉండవచ్చు. అందరూ బాక్సుల వెంట పడతారు, ఈ చిన్న ప్రశ్న మాత్రం అడగరు.

ప్రశ్న: వేల నాణేల్లో ఒక్కోదాని మీద సంవత్సరం చదవాలంటే కళ్లు కాయలు కాస్తాయి. త్వరగా కనిపెట్టే మార్గం ఉందా?

సమాధానం: సంవత్సరం తర్వాత చదవండి, ముందు అంచు చూడండి. రోల్ విప్పి, నాణేలను ఒకదానిపై ఒకటి పేర్చి, అంచులు మీ వైపు ఉండేలా మంచి వెలుతురులో పక్కకు తిప్పండి. 1965 నుంచి వచ్చిన మామూలు డైము, క్వార్టర్ల అంచు మీద రాగి రంగు చార స్పష్టంగా కనిపిస్తుంది. 90 శాతం వెండి నాణెం అంచులో ఆ చార ఉండదు. అంచు పొడవునా ఒకే తెల్లటి బూడిద రంగు ఉంటుంది, వరుసలో అది తెల్ల గీతలా విడిగా కనబడుతుంది. డైములు, క్వార్టర్లలో ఈ పద్ధతితో ఒక రోల్ చూడటానికి కొన్ని క్షణాలు చాలు.

హాఫ్ డాలర్ల దగ్గర జాగ్రత్త అవసరం. 40 శాతం వెండి నాణెం కూడా పొరలుగా తయారైనదే: బయటి పొరల్లో 80 శాతం వెండి, లోపలి భాగంలో సుమారు 21 శాతం వెండి, మిగతాది రాగి. అందువల్ల దాని అంచులో లేత గోధుమ ఛాయ ఉండవచ్చు. తొందరపడి చూస్తే మామూలు నాణెమనే అనిపిస్తుంది. హాఫ్ డాలర్ల అంచుపై అనుమానం వస్తే వెంటనే తిప్పి సంవత్సరం చూడండి.

అప్పటికీ తేలకపోతే గ్రాములో వందో వంతు వరకు చూపే చిన్న త్రాసు ఉపయోగపడుతుంది. వెండి డైము 2.50 గ్రాములు, మామూలుది 2.27. వెండి క్వార్టర్ 6.25, మామూలుది 5.67. 90 శాతం హాఫ్ డాలర్ 12.50, 40 శాతంది 11.50, మామూలుది 11.34. అరిగిన నాణేలు కాస్త తక్కువ తూగుతాయి. అయస్కాంతంతో పరీక్షించమని కొందరు సలహా ఇస్తారు, కానీ వెండి నాణెమూ దానికి అంటుకోదు, మామూలు క్వార్టరూ అంటుకోదు. కాబట్టి ఈ పనికి అది పనికిరాదు.

ప్రశ్న: నాకు 1965 క్వార్టర్ ఒకటి దొరికింది, చాలా తెల్లగా ఉంది. అలాగే 1776–1976 అని ఉన్న హాఫ్ డాలర్లు చాలా ఉన్నాయి, 1943 పెన్నీ (ఒక సెంటు నాణెం) ఒకటి వెండిలా ఉంది. ఇవి వెండేనా?

సమాధానం: 1965 క్వార్టర్ దాదాపు ఖాయంగా మామూలుదే. అంచులో రాగి చార ఉండి, బరువు 5.67 దగ్గర ఉంటే ఇక ఆలోచించనక్కర్లేదు. కొత్త సంవత్సరం అచ్చు పాత వెండి బిళ్ల మీద పొరపాటున పడిన నాణేలు ఉన్నాయి, వాటికి పెద్ద విలువ ఉంది. కానీ అవి అత్యంత అరుదు. చార లేకుండా 6.25 గ్రాములు తూగితేనే నిపుణులకు చూపించండి.

రెండు సంవత్సరాలున్న హాఫ్ డాలర్లు స్వాతంత్ర్యానికి రెండు వందల ఏళ్లయిన సందర్భంగా వచ్చినవి. చలామణికి వచ్చినవాటిలో వెండి లేదు. సేకర్తల కోసం శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎస్ గుర్తుతో ముద్రించిన కొన్నిటిలో 40 శాతం వెండి ఉంది, అయితే ఎస్ గుర్తు ఉన్నవన్నీ వెండివి కావు. మీ దగ్గరివాటిపై ఆ గుర్తు లేకపోతే చూడనక్కర్లేదు, ఉంటే అంచు చూడండి.

1943 పెన్నీ ఉక్కుది, పైన జింకు పూత. దీని విషయంలో మాత్రం అయస్కాంతం పనిచేస్తుంది: అంటుకుంటుంది. యుద్ధకాలంలో రాగిని మందుగుండు అవసరాలకు మళ్లించడంతో ఆ ఏడాది అలా చేశారు.

యుద్ధం మాట వచ్చింది కాబట్టి, మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. మామూలుగా నికెల్ నాణేల్లో వెండి ఉండదు. అయితే నికెల్ లోహాన్ని యుద్ధానికి ఆదా చేయడానికి 1942 అక్టోబరు నుంచి 1945 వరకు 35 శాతం వెండితో ఆ నాణేలను ముద్రించారు. వెనుకవైపు, మాంటిసెల్లో భవనపు గుమ్మటం పైన పెద్ద అక్షరంలో టంకశాల గుర్తుగా పి, డి లేదా ఎస్ ఉంటే అది ఆ రకం. అమెరికా నాణెం మీద పి అక్షరం కనిపించింది అదే మొదటిసారి. మాంగనీసు కలవడం వల్ల అరిగినవి మబ్బు పట్టినట్టు నల్లబడి ఉంటాయి. అంచులో ఏ తేడా కనబడదు కాబట్టి అంచు చూసి వెతికేవారు వీటిని దాటేస్తారు. నికెల్ రోల్స్ ఎక్కువమంది పట్టించుకోరు, కనుక ఓపిక ఉన్నవారికి ఇది మంచి చోటు.

ప్రశ్న: మా బ్రాంచిలో రెండోసారి వెళ్లేసరికే టెల్లర్ విసుక్కున్నారు. చూసేసిన నాణేలను ఎక్కడ ఇవ్వాలి? ఇందులో చట్టపరమైన ఇబ్బంది ఏమైనా ఉందా?

సమాధానం: టెల్లర్ విసుగులో న్యాయం ఉంది. ఆమెకు ఇది అదనపు పని. ఒక బ్రాంచిలో తీసుకున్న నాణేలను అదే బ్రాంచికి తిరిగి తేవడం ఈ అభిరుచిలో అందరూ తప్పుపట్టే పని. వారి సొరుగు నిండిపోతుంది, పైగా మీరు చూసినవే మళ్లీ మీకు రావచ్చు. కొనడానికి ఒక బ్యాంకు, జమ చేయడానికి మరొక బ్యాంకు పెట్టుకోండి. నాణేలు లెక్కించే యంత్రం ఉన్న చోట ఖాతా ఉంటే మరీ మంచిది. రుసుము తీసుకుంటారేమో ముందే కనుక్కోండి. యంత్రం ఉన్న చోటికి వెళ్తే, అది తిరస్కరించిన నాణేలు పడే గిన్నెలోకి కూడా ఒకసారి చూడండి. వెండి నాణేలను కొన్ని యంత్రాలు బయటకు తోసేస్తాయి, వేసినవారు గమనించకుండా వెళ్లిపోతారు. ఎవరైనా ఇంకా అక్కడే ఉంటే వారికే చెప్పాలి.

రద్దీ లేని వేళ వెళ్లండి, రోల్స్‌లో ఒక నాణెం తగ్గినా, పెరిగినా నిజాయితీగా సరిచేయండి. మీరు ఏం వెతుకుతున్నారో టెల్లర్‌కు దాచకుండా చెప్పండి. తెలిసినవారు చాలాసార్లు పాత హాఫ్ డాలర్లు వస్తే మీ కోసం పక్కన పెడతారు. ఈ అభిరుచిలో దొరికే మంచి నాణేల్లో గణనీయమైన భాగం ఆ స్నేహం వల్లే వస్తుంది.

నాణేలు కొని వెతకడంలో చట్టానికి అభ్యంతరం లేదు. అయితే ఒకే రోజు 10,000 డాలర్లు దాటిన నగదు లావాదేవీపై బ్యాంకు ప్రభుత్వానికి నివేదిక పంపాలి. అది మామూలు పద్ధతే, భయపడనక్కర్లేదు. దాన్ని తప్పించుకోవడానికి మొత్తాన్ని కావాలని ముక్కలు చేయడమే నేరం.

ప్రశ్న: దీని మీద ఆదాయం వస్తుందా? నేను ఉద్యోగం మానేసి ఇంట్లో ఉంటున్నాను.

సమాధానం: ఆదాయమార్గంగా దీన్ని నమ్ముకోవద్దని స్పష్టంగా చెబుతున్నాను. నష్టభయం దాదాపు లేదు, ఎందుకంటే వెండి కాని నాణేలన్నీ ముఖవిలువకే తిరిగి వెళ్తాయి. కానీ పెట్రోలు, సమయం ఖర్చవుతాయి, పది రోల్స్ విప్పినా ఏమీ రాని రోజులే ఎక్కువ. లెక్క మీరే వేసుకోవచ్చు: 90 శాతం హాఫ్ డాలర్‌లో 0.3617 ట్రాయ్ ఔన్సు (విలువైన లోహాలను తూచే ఔన్సు), 40 శాతందానిలో 0.1479, యుద్ధకాలపు నికెల్‌లో 0.0563 ఔన్సు వెండి ఉంటుంది. వెండి ఔన్సు 30 డాలర్లు అనుకుంటే మొదటిదానిలో 10.85, రెండోదానిలో 4.44, మూడోదానిలో 1.69 డాలర్ల వెండి ఉన్నట్టు. డీలర్ ఇచ్చేది సాధారణంగా ఇంతకంటే తక్కువే. ఆ రోజు ధరతో గుణించి, మీరు గడిపిన గంటలతో భాగించి చూడండి. ఇది ఉద్యోగం స్థానంలో నిలబడదని అంకెలే చెబుతాయి.

ప్రశ్న: దొరికిన డైము నల్లగా ఉంది. చింతపండుతో తోమితే మెరుస్తుందా?

సమాధానం: దయచేసి తోమవద్దు. పూజ సామాను తోమినట్టు తోమితే నాణెం పైపొర గీరుకుపోతుంది, సేకర్తల దృష్టిలో దాని విలువ పడిపోతుంది. 1945 వరకు వచ్చిన రెక్కల టోపీ బొమ్మ ఉన్న మెర్క్యురీ డైము అయితే ఈ నష్టం మరీ ఎక్కువ కావచ్చు, ఎందుకంటే కొన్ని సంవత్సరాల, కొన్ని టంకశాలల డైములకు వెండి ధరకు మించిన గిరాకీ ఉంది. అంచు పట్టుకుని ఎత్తండి, మెత్తటి పీవీసీ సంచుల్లో ఉంచకండి. వాటి నుంచి కాలక్రమంలో ఆకుపచ్చని జిగట పదార్థం వెలువడి నాణేన్ని పాడుచేస్తుంది. అట్ట చట్రాలో, నాణేల కోసమే చేసిన గట్టి ప్లాస్టిక్ గొట్టాలో తేమ లేని చోట పెట్టుకుంటే చాలు.